రాష్ట్రపతి శ్రీ వరాహగిరి వేంకటగిరి గారు

శ్రీకూర్మక్షేత్రమున జరుగు మన సంఘ వార్షిక మహాసభకు వెలువడు ఈ సంచికయందు మన ప్రాంతపు పెద్దలలో నొకరి చరిత్రమును వ్రాయుమని కార్యనిర్వాహకులు మమ్ము గోరిరి. మేము శ్రీ వరాహగిరి వేంకటగిరి గారిని గైకొంటిమి. వారు భారత గణతంత్రమునకు నాలుగవ రాష్ట్రపతి యని పాఠశాల పిల్లలును చెప్పుదురు. అంతకు మించి చెప్పువారు తక్కువ. మేము చిరకాలము తెలుగును సంస్కృతమును బోధించితిమి. ఉపాధ్యాయులు చాలనప్పుడు పౌరశాస్త్రమును గూడ బోధించితిమి. రాష్ట్రపతి తన రాజీనామాను ఎవరి కీయవలెను, ఉపరాష్ట్రపతి ఎవరి కీయవలెను అను ప్రశ్నలకు విద్యార్థులు సమాధానములను వల్లించి మార్కులు తెచ్చుకొనుచుండిరి. ఆ విధులకు ఒక మనుష్యుని బ్రతుకులో నెంత బరువు గలదో వారికి తెలియకుండెను. గిరి గారి చరిత్రము ఆ బరువును జూపును. వారు పదవులను బొందిన విధముకంటె విడిచిన విధమును, గెలిచిన యెన్నికలకంటె ఓడిన యెన్నికయు నెక్కువ బోధకములని మా యభిప్రాయము.

గిరి గారు 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీని బరంపురమున జన్మించిరి. నేడు బరంపురము ఒడిశా రాష్ట్రమున నున్నది. నాడు చెన్నరాజధానిలోని గంజాము జిల్లాకు చేరియుండెను. మన చికాకోలు తాలూకాయు, అందలి శ్రీకూర్మమును ఆ గంజాము జిల్లాలోనివే. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీని ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురము అటు పోయెను. చికాకోలు విశాఖపట్టణము జిల్లాలో గలిసెను. 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడెను. కావున గిరి గారిని ఒడిశావారు తమవాడనుటయు, మనము మనవాడనుటయు రెండును సత్యములే. వారిది తెలుగు నియోగి కుటుంబము. తండ్రిగారగు వరాహగిరి వేంకట జోగయ్య పంతులు గారు పేరుపొందిన న్యాయవాది, కాంగ్రెసువాది. 1920 దశకమున కేంద్ర శాసనసభలో సభ్యులుగా నుండిరి. తల్లిగారగు సుభద్రమ్మ గారు మద్యనిషేధమునకై నిలిచి శాసనోల్లంఘన కాలమున నిర్బంధమునకు లోనైరి. ఇట్టి యింట బెరిగిన పిల్లవానికి శాసనసభ యనిన నేమి, చెఱసాల యనిన నేమి యని వేరుగ జెప్పవలసిన పని లేదు.

బరంపురమున ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో న్యాయశాస్త్రాభ్యాసమునకై వారు ఐర్లండు దేశమునకు బోయిరి. ఆ కాలపు మన యువకు లెక్కువమంది లండనునకే పోవుచుండిరి. గిరి గారు డబ్లిను నగరమును జేరుట వారి బుద్ధికి కొత్త త్రోవ చూపినది. ఐరిషు ప్రజలు ఆంగ్లేయుల పాలనమును ద్రోసిపుచ్చుటకై పోరాడుచుండిన దినములవి. 1916 ఏప్రిలులో డబ్లినున తిరుగుబాటు చెలరేగి అణచబడెను. ఆ యుద్యమమువారితో సంబంధము గలదను ననుమానమున దొరతనమువారు గిరి గారిని దేశము విడువుమని ఉత్తరువు చేసిరి. ఆ జూన్ నెలలోనే న్యాయవాది పట్టమును బొంది వారు స్వదేశమునకు మరలివచ్చిరి. ఇచ్చట నొక మాట. స్వతంత్రమైన ఐర్లండు 1937లో వ్రాసికొన్న రాజ్యాంగమునుండి మన రాజ్యాంగకర్తలు ఆదేశిక సూత్రములను గైకొనిరి. రాజ్యసభకు కొందరు విద్వాంసులను, కళావేత్తలను నామినేటు చేయు పద్ధతికిని అదియే మాతృక. ఓటరు తన కాగితముపై మొదటి ప్రాధాన్యము, రెండవ ప్రాధాన్యము అని అంకెలు వేయు నెన్నికపద్ధతి యా దేశమున చిరపరిచితము. ఆ రెండవ ప్రాధాన్యములే యొకనాడు గిరి గారిని రాష్ట్రపతిని జేయగలవని డబ్లినున చదువుకొను నాడు ఎవ్వరెరుగుదురు?

స్వదేశమునకు వచ్చినపిమ్మట న్యాయవాదవృత్తి నవలంబించిరి గాని, 1920లో గాంధీ మహాత్ముని సహాయనిరాకరణోద్యమ కాలమున దానిని విడిచిరి. 1922లో సారాదుకాణముల విక్రయమును ప్రతిఘటించి మొదటిసారి నిర్బంధితులైరి. అటుపైన వారి శ్రమయంతయు కార్మికులకై సాగెను. హౌరానుండి వాల్తేరువరకు మన జిల్లాలను జీల్చుకొనిపోవు ఇనుపదారి నాడు బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీవారిది. ఆ రైల్వే పనివారికి సంఘము నిర్మించినది గిరి గారు. 1923లో వెలసిన అఖిలభారత రైల్వే కార్మిక సమాఖ్యకు వారు స్థాపకులలో నొకరై, పదియేండ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా నుండిరి. 1928లో పనినుండి తొలగింపబడినవారి కొరకు నడిపిన సమ్మె హింస లేకుండ జరిగి ఫలించెను. 1926లోను, మరల 1942లోను అఖిలభారత ట్రేడ్ యూనియను కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకును, 1931లో లండనులో జరిగిన రెండవ గుండ్రబల్ల సమావేశమునకును కార్మికుల ప్రతినిధిగా వెళ్ళిరి. మన ఆముదాలవలస స్టేషనున రాత్రివేళ లాంతరు పట్టుకొని నిలిచిన పోర్టరునకు ఢిల్లీలోను లండనులోను నొక గొంతుక గలిగినదనిన అతిశయోక్తి గాదు.

1934లో గిరి గారు కేంద్ర శాసనసభకు ఎన్నికై 1937 వరకు సభ్యులుగా నుండిరి. తండ్రి కూర్చున్న సభలోనే కుమారుడును గూర్చుండెను. ఆ సభ యెట్టిదో మన యువకులు తెలిసికొనవలెను. 1919 నాటి చట్టముచే నేర్పడిన యా సభలో ఎన్నికైనవారే యధికసంఖ్యాకులు. ఐనను సైన్యవ్యయము మొదలుగా బడ్జెటులో పెక్కుభాగము వారి ఓటునకు రానిది. వచ్చిన పద్దులను సభ త్రోసివైచినను గవర్నరు జనరలు మరల నిలుపవచ్చును. సభ కాదన్న బిల్లును తన ధ్రువపత్రముచే చట్టము జేయవచ్చును. మంత్రులు సభకు జవాబుదారులు గారు. అసలు మంత్రులే లేరు. వైస్రాయి కార్యనిర్వాహకసభలోని దొరలు సభలో గూర్చుండి, ఓడి, ఓడినపిమ్మటను అధికారమున నుండెడివారు. మాటాడుటకు హక్కు, నడపుటకు హక్కు లేమి: ఇదియే యా సభ. ఆ మందిరమే 1952లో లోక్‌సభకు మందిరమైనది. గిరి గారు మరల నందే సభ్యులై, మంత్రియునై కూర్చుండిరి. 2023లో క్రొత్త భవనమునకు సభలు మారువరకు ఆ మందిరమున లోక్‌సభ జరుగుచుండెను. గోడలు మారలేదు, బల్లలు మారలేదు. 1950 జనవరి 26వ తేదీని అమలునకు వచ్చిన రాజ్యాంగము మారిన వస్తువు. ఎన్నికైన సభకు మంత్రిమండలి సమష్టిగా బాధ్యత వహింపవలె ననునది 75వ అనుచ్ఛేదములోని విధి. ఆ విధి లేని సభలో మూడేండ్లు మాటాడి వచ్చినవారికే దాని విలువ తెలియును.

1937 ఆరంభమున చెన్నరాజధాని శాసనసభకు జరిగిన యెన్నికలలో గిరి గారు బొబ్బిలియందు నిలిచిరి. ఎదుటి యభ్యర్థి సాక్షాత్తు బొబ్బిలి రాజాగారు. జస్టిసుపక్ష నాయకులు, చెన్నరాజధానికి ప్రధానమంత్రిగా నుండినవారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధమును మన పల్లెలలో నేటికిని పాడుకొందురు. ఈ రెండవ బొబ్బిలి యుద్ధమున ఫిరంగులు లేవు, ఓటుపెట్టెలు గలవు. పక్షమునకొక రంగుపెట్టె, కాంగ్రెసువారిది పసుపుపచ్చనిది. ఓటుహక్కు ఆస్తి, పన్ను, చదువు గలవారికే పరిమితమై యుండిన దినములవి. ఐనను తన జమీలోనే రాజాగారు ఓడిరి. గిరి గారు రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల మంత్రి యైరి. 1939లో భారతీయుల నడుగకయే ఈ దేశమును యుద్ధమున దింపినందులకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసినవి. గిరి గారును జేసిరి. ఇది వారి మొదటి రాజీనామా. పిమ్మట చెఱసాల. 1942 ఉద్యమమున మరల చెఱసాల. వెల్లూరులోను అమరావతిలోను 1945 వరకు ఉండిరి. 1946లో ప్రకాశము పంతులు గారి మంత్రివర్గమున మరల కార్మికమంత్రి. 1947నుండి 1951 వరకు సింహళమున భారతదేశపు మొదటి హైకమిషనరు.

1952 నాటి ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో మన జిల్లాలోని పాతపట్టణము నియోజకవర్గమునుండి వారు లోక్‌సభకు ఎన్నికైరి. పాతపట్టణము మహేంద్రతనయానదీ తీరమున, పర్లాకిమిడి కెదురుగ నున్నది. ఈ మారు ఓటుహక్కునకు ఆస్తియు అక్కరలేదు, చదువును అక్కరలేదు. ఇరువదియొక్క సంవత్సరములు నిండిన స్త్రీపురుషు లందరును ఓటర్లు. నెహ్రూ గారి మంత్రివర్గమున గిరి గారు కార్మికమంత్రి యైరి. యజమానులును కార్మికులును ఎదురెదురుగ గూర్చుండి మాటాడి తగవు తీర్చుకొనవలెను గాని, ప్రతి తగవును నిర్బంధముగ న్యాయసభలకు తోలరాదని వారి సిద్ధాంతము. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతములను గూర్చి కార్మిక అప్పీలు న్యాయసభ యిచ్చిన తీర్పును ప్రభుత్వము తగ్గించి మార్చెను. గిరి గారు సమ్మతింపలేదు. సమ్మతింపని మంత్రికి రాజ్యాంగమున రెండే దారులు: నోరుమూసికొని నిర్ణయమును తనదిగ జెప్పుకొనుట, లేదా వైదొలగుట. ఇంట నుండి యింటివారిని నిందించు మూడవ దారి సమష్టిబాధ్యత యను ధర్మమునకు విరుద్ధము. గిరి గారు వైదొలగిరి. తరువాత విచారణసంఘము గూర్చుండి 1955లో ఆ యుద్యోగుల పక్షమున చాలవరకు న్యాయము జేసినది. మంత్రిపదవి మాత్రము తిరిగి రాలేదు.

ఇక 1957వ సంవత్సరపు టెన్నిక. దీనిని విస్తరించి వ్రాయుటకు పాఠకులు అనుజ్ఞ యిత్తురుగాక. ఈ కథ మన పొరుగున నున్న పార్వతీపురముది. మనవంటి సంఘములవారు ప్రత్యేకముగ దెలిసికొనదగినది.

నాడు కొన్ని నియోజకవర్గములకు ఇద్దరేసి సభ్యు లుండెడివారు. పార్వతీపురము అట్టిది. రెండు స్థానములలో నొకటి షెడ్యూల్డు తెగలవారికి ప్రత్యేకింపబడినది, రెండవది సామాన్యస్థానము. ప్రతి ఓటరునకును రెండు ఓట్లు. నలుగురు నిలిచిరి, ఇద్దరు గిరిజనులు, ఇద్దరు గానివారు. గిరి గారును, బిద్దిక సత్యనారాయణ గారును కాంగ్రెసు అభ్యర్థులు. డిప్పల సూరిదొర గారు ఎదుటిపక్షమువారు. ఓట్లు లెక్కింపగా సత్యనారాయణ గారు ప్రథములైరి. వారు గిరిజనులు గనుక ప్రత్యేకస్థానము వారికి బోయెను. మిగిలినవారిలో సూరిదొర గారికి 1,24,604 ఓట్లు, గిరి గారికి 1,24,039 ఓట్లు. 565 ఓట్ల తేడా. సూరిదొర గారును గిరిజనులే. ఐనను మిగిలినవారిలో నధికుడగుటచే సామాన్యస్థానము వారికి బోయెను. కేంద్రమంత్రిగా నుండిన గిరి గారు ఓడిరి.

గిరి గారు ఎన్నికను సవాలు చేసిరి. వారి పక్షపు వాదమును మేము సంస్కృతశాస్త్రముల పరిభాషలో జెప్పినయెడల మన పండితులకు సులభముగ బోధపడును. తక్రకౌండిన్య న్యాయమని యొకటి గలదు. బ్రాహ్మణులకు పెరుగు వడ్డింపుడు, కౌండిన్యునకు మజ్జిగ పోయుడు అని యజమాని యనినచో, కౌండిన్యుడు బ్రాహ్మణుడే యైనను వానికి పెరుగు రాదు. విశేషవిధి సామాన్యవిధిని బాధించును. అట్లే ప్రత్యేకస్థానమునకై నేను ఫలాన తెగవాడనని ప్రకటించి నామపత్రము దాఖలు చేసినవానికి సామాన్యస్థానము రాదని గిరి గారి పక్షపు వాదము. వినుటకు చక్కనిదే. కాని 1959లో సుప్రీంకోర్టు ఈ వాదమును అంగీకరింపలేదు. ప్రత్యేకస్థానమునకు గల యర్హత సామాన్యస్థానపు హక్కును దీసివేయునది గాదు, దానికి చేరు నదనపు హక్కు. రెండు స్థానములకును జరిగినది యొక్క యెన్నికయే యని తీర్పు చెప్పెను. అనగా బాధ గాదు, సముచ్చయము. కౌండిన్యునకు మజ్జిగయు గలదు, పంక్తిలో కూర్చున్నవాడు గనుక పెరుగును గలదు.

మరియొక వాదము గూడ నుండెను. సూరిదొర గారి కుటుంబము తమను క్షత్రియులని పత్రములలో వ్రాసికొనుచున్నది గనుక వారు గిరిజనులు గారని. దీనిని గూడ న్యాయస్థానము త్రోసివైచెను. ఒకడు తనంతట తాను నేను ఫలాన వర్ణమువాడనని చెప్పుకొన్నంతమాత్రమున సంఘములో వాని స్థానము మారదు. పైమెట్టువారు వానిని కలుపుకొనిరని ఋజువు గావలెను గదా యని దాని భావము. కులసంఘముల వార్షికసభలయందు వర్ణోత్పత్తిని గూర్చి ఉపన్యసించువారు ఈ తీర్పును జదివినచో లాభము గలదు.

మేము దీని నింత పెంచి వ్రాయుటకు కారణము గలదు. సామాన్యస్థానము అనగా మనది, ప్రత్యేకస్థానము అనగా వారిది అని మన వీధియరుగులపై చదువుకొన్నవారును అనుచుందురు. రాజ్యాంగమున నట్టి విభాగము లేదు. 330వ అనుచ్ఛేదము షెడ్యూల్డు కులములకును తెగలకును కొన్ని స్థానములను ప్రత్యేకించినది. మిగిలిన స్థానములను ఏ కులమునకును ప్రత్యేకింపలేదు. అవి సామాన్యములు, సామాన్యమనగా నందరిదని శాస్త్రార్థము. గిరి గారు మనవారని గర్వపడుట సహజమే. కాని పార్వతీపురమున వారినోడించి సామాన్యస్థానమున గూర్చున్న గిరిజనుని హక్కు వారి హక్కుతో సమానమైనదని దేశపు టున్నతన్యాయస్థానము చెప్పినది. ఆ తీర్పు గిరి గారి పేరుననే న్యాయగ్రంథములలో నిలిచియున్నది. వారి పేరు దలచినవా రీ సంగతిని గూడ దలచుట న్యాయము. 1961లో పార్లమెంటు చట్టము జేసి యిద్దరు సభ్యుల నియోజకవర్గములను రద్దు చేసెను. ఆ నాటి చిక్కులు నేటి యువకులకు పురాణగాథలవలె నున్నవి.

తరువాత గిరి గారు 1957నుండి 1960 వరకు ఉత్తరప్రదేశమునకును, 1965 వరకు కేరళకును, 1967 వరకు మైసూరునకును గవర్నరులు. 1967 మే 13వ తేదీని ఉపరాష్ట్రపతి యైరి. ఉపరాష్ట్రపతి రాజ్యసభకు అధ్యక్షుడు. రెండేండ్లు ఆ సభను నడిపిరి.

1969 మే 3వ తేదీని రాష్ట్రపతి డాక్టరు జాకీర్ హుసేన్ గారు పదవిలో నుండగనే దివంగతులైరి. రాష్ట్రపతి పదవి అట్లు ఖాళీయగుట అదియే మొదటిసారి. 65వ అనుచ్ఛేదము ననుసరించి ఉపరాష్ట్రపతి యగు గిరి గారు ఆనాడే రాష్ట్రపతి బాధ్యతలను స్వీకరించిరి. ఆరునెలలలో క్రొత్త రాష్ట్రపతిని ఎన్నుకొనవలెను. గిరి గారు తామే నిలువ నిశ్చయించిరి. నాటి కాంగ్రెసు పెద్దలు నీలం సంజీవరెడ్డి గారిని దమ యభ్యర్థిగా నిర్ణయించిరి. ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి గారు రెడ్డిగారి నామపత్రముపై సంతకము చేసియు, తుదకు సభ్యులు తమ యంతరాత్మ ననుసరించి ఓటు చేయవచ్చునని ప్రకటించిరి. పార్టీ చీలుటకు సిద్ధముగ నుండెను. ముఖ్యమైన యిరువురు అభ్యర్థులును తెలుగువారే. ఒకరు అనంతపురము జిల్లావారు, ఒకరు మన ప్రాంతమువారు. ఢిల్లీలో తెలుగువారి తగవనిన తెలుగువారికి ముచ్చటయే గాని, లోపల జరుగునది తెలుగుతగవు గాదు.

మా గ్రామమున కూర్మనాథుని సేవించువారికి మంథరపర్వతపు గాథ చెప్ప నక్కరలేదు. దేవతలొకవంకను అసురులొకవంకను త్రాడుపట్టి లాగుదురు. క్రింద కూర్మమూర్తి ఎవరిని లాగడు, పర్వతమును మాత్రము మోయును. పార్లమెంటులో రెండుపక్షములు త్రాడు లాగుచుండగా రాష్ట్రపతి క్రింద నిలిచి మోయువాడు. ఇప్పుడు మోయుచున్నవాడే పోటీలో త్రాడు పట్టవలెననిన మొదట క్రిందనుండి లేచి రావలెను. లేచినచో పర్వతము నెవరు మోయుదురు? ఇచట నింకొక చిక్కు. రాష్ట్రపతి రాజీనామాను ఉపరాష్ట్రపతికి వ్రాయవలెను; ఉపరాష్ట్రపతి రాజీనామాను రాష్ట్రపతికి వ్రాయవలెను. ఉపరాష్ట్రపతియై రాష్ట్రపతిబాధ్యతలో నున్నవాడు ఎవరికి వ్రాయవలెను? మా విద్యార్థు లీ ప్రశ్నకు నవ్వుచుండిరి. రాజ్యాంగము 70వ అనుచ్ఛేదమున ఊహింపని సందర్భములకు పార్లమెంటు ఏర్పాటు చేయవచ్చునని యుంచెను. ఆ మే నెలలోనే పార్లమెంటు చట్టము జేసి, ఇరువురును లేనప్పుడు భారత ప్రధానన్యాయమూర్తి రాష్ట్రపతిబాధ్యతలను వహించునట్లు ఏర్పాటు చేసెను.

జూలై 19వ తేదీని పదునాలుగు పెద్దబ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై గిరి గారు సంతకము చేసిరి. మరునాడు, జూలై 20వ తేదీని, పదవిని విడిచిరి. ప్రధానన్యాయమూర్తి హిదయతుల్లా గారు ఆగస్టు 24వ తేదీ వరకు రాష్ట్రపతిబాధ్యతలను వహించిరి. విడువవలసిన ముందురోజున అంత పెద్ద ఆర్డినెన్సుపై సంతకము చేయుట యుచితమా యని నాడును విమర్శించినవారు గలరు. మంత్రిమండలి సలహాపై రాష్ట్రపతి సంతకము చేయుట విధియే. ఐనను ఎన్నికకు నిలువబోవువాడు, తన్ను బలపరచువారి యాజ్ఞాపత్రముపై సంతకము చేయుట చూపునకు మంచిది గాదని మేమును దలచెదము. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జాతీయీకరణ చట్టమును కొట్టివైచెను. ప్రభుత్వము లోపములను సవరించి మరల చట్టము జేసెను.

ఆగస్టు 16వ తేదీని ఎన్నిక జరిగెను. రాష్ట్రపతిని ఎన్నుకొనువారు పార్లమెంటు ఉభయసభలలోను, రాష్ట్రముల శాసనసభలలోను ఎన్నికైన సభ్యులు. నామినేటు చేయబడినవారికి ఓటు లేదు. ఒక్కొక్క సభ్యుని ఓటునకు ఆ రాష్ట్రపు జనసంఖ్య ననుసరించి విలువ గలదు. అందుచే లెక్క లక్షలలో నుండును. ఓటు రహస్యము. ఆ యేట పదునైదుగురు నిలిచిరి. 20వ తేదీని లెక్కింపగా మొదటి ప్రాధాన్యపు ఓట్లు గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, చింతామణి దేశముఖు గారికి 1,12,769. గెలుపునకు 4,18,169 వలెను. గిరి గారికి దక్కువైనవి. అప్పుడు తక్కువ ఓట్లు వచ్చినవారిని ఒక్కొక్కరినే తొలగించి, వారి కాగితములపై నున్న రెండవ ప్రాధాన్యమును పంచిరి. దేశముఖు గారి ఓట్లలో పెక్కు సంజీవరెడ్డి గారికి బోయినవి, దూరము తరిగిపోయెను. తుదిలెక్క గిరి గారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427. రెండవ ప్రాధాన్యములచే రాష్ట్రపతి యైనది నాటికి వారొక్కరే. ఆగస్టు 24వ తేదీని ప్రమాణస్వీకారము చేసిరి. పక్షపు టధికారిక యభ్యర్థి కాక, స్వతంత్రుడుగ నిలిచి గెలిచిరి. పేరుకొరకు నిలుచువారిని తగ్గించుటకై 1974లో చట్టము మార్చి, పదిమంది ప్రతిపాదకులును, పదిమంది బలపరచువారును, ధరావతును ఉండవలెనని నియమించిరి.

ఎన్నికపై సుప్రీంకోర్టున పిటిషను పడెను. సంజీవరెడ్డి గారిని దూషించు పేరులేని కరపత్రము పార్లమెంటు సెంట్రల్ హాలున బంచబడినదనియు, దానికి గిరి గారి సమ్మతి గలదనియు నారోపణ. 1946నుండి 1949 వరకు రాజ్యాంగమును వ్రాసిన సభ గూర్చున్నది ఆ హాలుననే. అచ్చటనే అట్టి కాగితములు తిరుగుట విచారకరము. రాష్ట్రపతి తన యధికారకార్యములకు ఏ న్యాయస్థానమునకును జవాబు చెప్పనక్కరలేదని 361వ అనుచ్ఛేదము చెప్పుచున్నది. కాని ఎన్నికతగవు వేరు. దానిని సుప్రీంకోర్టు విచారింపవలెనని 71వ అనుచ్ఛేదము. గిరి గారిని రాష్ట్రపతి భవనముననే విచారింపవచ్చునను నవకాశ ముండియు, వారు తామే 1970లో న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చిరి. పదవిలో నున్న రాష్ట్రపతి సాక్షిగా నట్లు న్యాయస్థానమునకు రావడము మరి యెన్నడును జరుగలేదు. త్రివిధ సైన్యములకును అధిపతి, న్యాయమూర్తులను నియమించువాడు, వచ్చి ప్రశ్నలకు సమాధానము చెప్పెను. ఆ కరపత్రముతో గిరి గారికి సంబంధము ఋజువు కాలేదని తీర్పు చెప్పి న్యాయస్థానము పిటిషనును గొట్టివైచెను. గిరి గారి జీవితమున మాకు ప్రియతమమైన ఘట్ట మిదియే.

రాష్ట్రపతిగా వారి యైదేండ్లను బొగడువారును గలరు, నిందించువారును గలరు. ప్రధానమంత్రి తెచ్చిన కాగితమెల్ల సంతకము చేసిరని నింద. దానిలో సత్యము లేకపోలేదు. 1970లో సంస్థానాధీశుల భరణములను రద్దు చేయు సవరణ రాజ్యసభలో వీగిపోగా, వారి గుర్తింపునే తొలగించు ఉత్తరువుపై గిరి గారు సంతకము చేసిరి. సభ కాదన్నదానిని ఉత్తరువుచే సాధింప జూచుట 1919 నాటి వైస్రాయి పద్ధతికి దగ్గరగ నున్నదని మాకు దోచుచున్నది. సుప్రీంకోర్టు ఆ డిసెంబరులో దానిని గొట్టివైచెను. 1971లో 26వ సవరణ ద్వారమున సక్రమముగ జరిగెను. ఆ డిసెంబరులోనే ప్రధానమంత్రి సలహాపై లోక్‌సభను గడువునకు ముందే రద్దు చేసిరి; స్వతంత్రభారతమున నదియే మొదటిది. 1971లో 24వ సవరణ, రాజ్యాంగసవరణ బిల్లునకు రాష్ట్రపతి తప్పక సమ్మతి యీయవలెనని విధించెను. తన చేయిని గట్టివేయు ఆ బిల్లుపై తానే సంతకము చేసిన రాష్ట్రపతి గిరి గారు. ఐనను వారి పక్షమున నొకమాట చెప్పవలెను. మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడవలెనని నాడు రాజ్యాంగమున స్పష్టముగ వ్రాసి లేకున్నను, ఎన్నికైన సభకు బాధ్యులగు మంత్రులదే నిర్ణయమను సంప్రదాయము గలదు. వారి కాలము గడచినపిమ్మట 1976లో 42వ సవరణ దానిని వ్రాతలో బెట్టెను. 1978లో 44వ సవరణ సలహాను ఒకమారు తిరిగి యాలోచింపుడని పంపుటకు రాష్ట్రపతికి వీలు గల్పించెను. ఆ యొక్కమారు పంపు వీలు గిరి గారి కాలమున నుండినచో వారు వాడుకొనియుండెడివారా? 1954 నాటి మంత్రి వాడుకొనియుండును. 1970 నాటి రాష్ట్రపతిని గూర్చి మాకు సందేహము.

1974 ఆగస్టు 24వ తేదీని ఫక్రుద్దీన్ అలీ అహమ్మదు గారికి పదవి నప్పగించి గిరి గారు మద్రాసు చేరిరి. 1975లో భారతరత్న బిరుదమును బొందిరి. 1976లో వారి యాత్మకథ వెలువడెను. ధర్మపత్ని సరస్వతీబాయి గారు. సంతానము పదునలుగురు. ఎన్నికలో నోడిన సంజీవరెడ్డి గారు 1977లో పోటీలేకయే రాష్ట్రపతిగా నెన్నికైరి. కావున 1980 జూన్ 24వ తేదీని గిరి గారు మద్రాసులో హృద్రోగముచే స్వర్గస్థులైన నాడు రాష్ట్రపతి భవనమున నుండినవారు సంజీవరెడ్డి గారే. 1995లో నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు గిరి గారి పేరు పెట్టిరి. వారి ప్రతిమకంటె, బెంగాలు నాగపూరు రైల్వే పనివారికై పనిచేసిన ఆ మనుష్యునకు కార్మికవిషయములను బోధించు సంస్థయే తగిన జ్ఞాపకమని మాకు దోచినది.